అగ్నిగోళం కనబడింది సరే, రాయి ఎక్కడ పడింది? వెతుకులాట మీద చర్చ

#1 చుక్కలదారి
ఆకాశంలో పెద్ద వెలుగు కనబడ్డ మర్నాడు గ్రూపుల్లో ఒకటే మాట: "మా ఊరి చెరువు వెనకాలే పడింది." పది ఊళ్లవాళ్లు పది చెరువులు చెబుతారు. రాయి నిజంగా నేలకు దిగిందో లేదో ఎలా తేల్చుకోవాలి? దిగితే ఎక్కడ వెతకాలి? దొరికితే దాన్ని ఎలా పట్టుకోవాలి? తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెప్పండి. మన నల్లరేగడికి, ఎర్ర చెలకలకు సరిపడేలా చెబితే ఇంకా మంచిది.

#2 కొలతబద్ద
మొదట ఆ చెరువు సంగతి తేల్చాలి. రాళ్లు రాల్చే ఉల్క వెలుగు కూడా సాధారణంగా నేలకు 20 నుంచి 30 కి.మీ. ఎత్తులోనే ఆరిపోతుంది. 25 కి.మీ. ఎత్తులో ఆరిందనుకుందాం. మీకు 100 కి.మీ. దూరంలో ఆరితే దిగంతం నుంచి 14 డిగ్రీల ఎత్తులో కనబడుతుంది. 200 కి.మీ. దూరమైతే 6 డిగ్రీలే. 100 మీటర్ల అవతల ఉన్న 15 మీటర్ల తాటిచెట్టు తల 8 డిగ్రీలకు పైనే ఉంటుంది. అంటే రెండు జిల్లాల అవతల ఆరిన వెలుగు కూడా మీ కంటికి తాటితోపు వెనకాల పడ్డట్టే ఉంటుంది. చూసినవాళ్లు అబద్ధం ఆడటం లేదు. చీకట్లో దూరం కొలిచే ఆధారం కంటికి ఉండదు, అంతే.

ఇక రాయి దిగిందా అన్నది. వెలుగు ఎంత పెద్దదన్నది ఇక్కడ నమ్మదగ్గ గుర్తు కాదు. చూడాల్సింది వేగం, ఆరిన ఎత్తు. ఉల్కలు సెకనుకు 11 నుంచి 72 కి.మీ. వేగంతో వాతావరణంలోకి వస్తాయి. 20 కి.మీ. లోపు వేగంతో వచ్చి, ముక్కలై, 30 కి.మీ. కన్నా కిందికి దిగి ఆరితే ఆశ పెట్టుకోవచ్చు. పెర్సీడ్లు, లియోనిడ్ల వంటి ఉల్కాపాతాల నుంచి రాయి రాదు. అవి తోకచుక్కల ధూళి, వేగం మరీ ఎక్కువ, పైనే బూడిదవుతాయి.

అన్నిటికన్నా మంచి గుర్తు చప్పుడు. వెలుగు పోయిన నిమిషంన్నర నుంచి ఐదు నిమిషాల లోపు ఫిరంగి పేలినట్టో, బండ్లు దొర్లినట్టో మోత వినిపిస్తే, ఆ వస్తువు దట్టమైన గాలిలోకి దిగిందని అర్థం. నేరుగా నెత్తిమీద 30 కి.మీ. ఎత్తు నుంచి శబ్దం రావడానికి 100 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిని ఎవరైనా సుమారుగా చెప్పగలిగితే, సెకన్లను 0.3తో గుణించండి, వాళ్ల నుంచి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది.

#3 ఆకుపచ్చరేఖ
ఒక మాట కలుపుతాను. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్రలోనూ మన ఆదిలాబాద్ వైపూ కనబడ్డ వెలుగుల వరుసను చాలామంది ఉల్క అనుకున్నారు. అది చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ తిరిగి వాతావరణంలోకి రావడం. చంద్రాపూర్ జిల్లాలో సుమారు 3 మీటర్ల లోహపు వలయం పడింది. తేడా తేలికే. ఉల్క మూడు నుంచి ఎనిమిది సెకన్లలో ముగుస్తుంది. రాకెట్ శకలాలు సెకనుకు 8 కి.మీ. లోపు వేగంతో, దాదాపు అడ్డంగా, నిమిషం దాకా సాగుతాయి, ముక్కలన్నీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి వెళతాయి. అలాంటిది పడిన చోట చేతులు పెట్టకండి, ట్యాంకుల్లో విషపూరిత ఇంధనం మిగిలి ఉండొచ్చు. పోలీసులకు చెప్పండి.

#4 గాలివాటం
కొలతబద్ద గారు వెలుగు ఆరిన చోట ఆపారు, అసలు కథ అక్కడే మొదలవుతుంది. వేగం సెకనుకు 3 కి.మీ.కు పడిపోయాక రాయి వెలగడం మానేస్తుంది. అక్కడి నుంచి నేల దాకా చీకట్లో దిగుతుంది. దీన్నే డార్క్ ఫ్లైట్ అంటారు. 25 కి.మీ. ఎత్తు నుంచి కిలో రాయి దిగడానికి మూడున్నర నిమిషాలు, 10 గ్రాముల ముక్కకు ఏడు నిమిషాలు పడతాయి. నేలను తాకేటప్పుడు కిలో రాయి వేగం సెకనుకు సుమారు 60 మీటర్లు, చిన్న ముక్కది 30 మీటర్లు. అంత నెమ్మదిగా పడే రాయి గడ్డిని అంటించదు, పొగ రాదు, పెద్ద గొయ్యి తవ్వదు. కిలో రాయి మెత్తటి దుక్కిలో తన మందమంత గుంట చేసుకుంటే గొప్ప. "పొలం తగలబడింది" అన్న వార్త వస్తే అక్కడ ఉల్కారాయి కోసం వెతకక్కర్లేదు.

ఈ నిమిషాల్లో గాలి రాయిని పక్కకు నెడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన మీద రెండు గాలులు ఎదురెదురుగా వీస్తాయి. 12 నుంచి 16 కి.మీ. ఎత్తులో తూర్పు జెట్ గాలి సెకనుకు 35 మీటర్ల వేగంతో రాయిని పడమటికి తోస్తుంది. కింది 3 కి.మీ.లో నైరుతి గాలి తూర్పుకు తోస్తుంది. 10 గ్రాముల ముక్క పై పొరలో దాదాపు నిమిషం ఉంటుంది, అంటే 2 కి.మీ. పడమటికి. కింది పొరలో నిమిషంన్నర, సెకనుకు 12 మీటర్ల గాలి అనుకుంటే కిలోమీటరు వెనక్కి తూర్పుకు. 16 కి.మీ. పైన కూడా తూర్పు గాలే కాబట్టి చివరికి నికరంగా పడమటికే జరుగుతుంది. కిలో రాయి ఇందులో సగం కన్నా తక్కువ జరుగుతుంది. అందుకే పడే ప్రాంతం గుండ్రంగా ఉండదు, పొడవాటి దీర్ఘవృత్తం. ఉల్క వెళ్లే దిశలో పెద్దవి ముందుకు, చిన్నవి వెనక, గాలి వైపు వాలి ఉంటాయి.

గాలి లెక్క ఊహించక్కర్లేదు. వాతావరణ శాఖ హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం నుంచి ఉదయం 5:30, సాయంత్రం 5:30 వేళలకు బెలూన్లు ఎగరేస్తుంది. ఆ కొలతలు అమెరికాలోని వయోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఎవరైనా తీసుకోవచ్చు. పడిన గంటకు దగ్గరి బెలూన్ తీసుకోండి. రాత్రి 11కి ఉల్క పడితే సాయంత్రం, మర్నాడు ఉదయం రెండింటినీ కలిపి చూడండి.

#5 చుక్కలదారి
గాలి లెక్కకు ముందు వెలుగు దారి తెలియాలి కదా. మన దగ్గర ఉల్కల కెమెరాలు పెద్దగా లేవు. సీసీ కెమెరాలతో పని జరుగుతుందా?

#6 కొలతబద్ద
జరుగుతుంది, కానీ మొదటి మూడు రోజుల్లోనే. చాలా డీవీఆర్‌లు, అంటే సీసీ కెమెరా రికార్డింగు దాచే పెట్టెలు, వారం నుంచి పదిహేను రోజుల్లో పాత రికార్డింగు మీద రాసేస్తాయి. పెట్రోల్ బంకులు, రైస్ మిల్లులు, టోల్ ప్లాజాలు, అపార్టుమెంట్ల గేట్లు: ఈ వరుసలో అడగండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ పనికిరాదు, అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోవాలి. అక్కడే డీవీఆర్ తెరమీది గడియారం, మీ ఫోను గడియారం ఒకే ఫ్రేములో వచ్చేలా ఫొటో తీయండి. ఆ గడియారాలు నిమిషాల తేడాతో నడుస్తుంటాయి.

తర్వాత కెమెరా ఉన్న చోటే, అదే ఎత్తులో నిలబడి, వీడియోలో కనబడే గోడ మూల, సెల్ టవర్, స్తంభాల దిశలు, ఎత్తులు కొలవాలి. రాత్రి అదే కోణంలో చుక్కలు కనబడేలా ఫొటో తీసి, ఆకాశాన్ని తెరమీద చూపే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌తో పోల్చగలిగితే లోపం డిగ్రీలోపు వస్తుంది. 100 కి.మీ. దూరంలో ఒక డిగ్రీ అంటే 1.75 కి.మీ. కాబట్టి ఇక్కడ పడే శ్రమ వృథా కాదు. వెలుగే కనబడకుండా నేల మీద నీడలు కదిలిన వీడియోలు కూడా పనికొస్తాయి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ ఉల్క దారిని గీయడానికి కదిలే నీడలు కూడా సాయపడ్డాయి.

రెండు కెమెరాలు కనీసం 50 కి.మీ. ఎడంగా, ఉల్క దారికి చెరో వైపూ ఉండాలి. రెండూ ఒకే వైపు నుంచి చూస్తే గీతలు చిన్న కోణంలో కలుస్తాయి, అప్పుడు కొద్ది తప్పే పది కిలోమీటర్లు అవుతుంది.

కంటితో చూసినవాళ్లను ఫోనులో అడిగితే లాభం లేదు. నిలబడిన చోటికే తీసుకెళ్లి, వెలుగు ఆరిన చోటును చేయి చాపి చూపించమనండి. చాపిన చేతి పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు. దిశకు దిక్సూచి వాడండి, ఇనుప గేటుకు, బైక్‌కు దూరంగా. "ఎంత దూరంలో పడింది" అని మాత్రం అడగొద్దు. ఆ జవాబు ఎప్పుడూ తప్పే, పైగా చెప్పినవాళ్లు తర్వాత దానికే కట్టుబడిపోతారు.

అంతర్జాతీయ ఉల్కా సంస్థ ఆన్‌లైన్ ఫారం కూడా నింపించండి, చాలామంది రాస్తే అదే సుమారు దారి గీసి చూపిస్తుంది. నాసా అగ్నిగోళాల పట్టికలో స్థానం పదో వంతు డిగ్రీకే ఇస్తారు, అంటే 11 కి.మీ. మోటు గీత. జిల్లా తేల్చుకోవడానికి చాలు, పొలం తేల్చుకోవడానికి చాలదు.

#7 రేగడినేల
ఇప్పుడు కాళ్ల పని. అందరూ మ్యాపులో దీర్ఘవృత్తం గీసి దాని మధ్యలోకి వెళ్లి నిలబడతారు. అలా కాదు, ముందు రాయి కనబడే నేల ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. సిమెంటు కళ్లాలు, డాబాలు, పాఠశాల మైదానాలు, కాలవ గట్టు రోడ్లు, ఉప్పు మడులు, కోత అయిపోయిన ఎర్ర చెలకలు ముందు. పత్తి, కంది నిలబడ్డ చేలు చివర. నాటేసిన వరిమడిలో పడ్డది దొరకదు, దాన్ని వదిలేయండి.

నల్లరేగడి గురించి ఒక్కమాట. ఎండాకాలంలో నెర్రెలు మోచేయి లోతుకు పైగా విచ్చుకుంటాయి. 50 గ్రాముల లోపు ముక్క నేరుగా నెర్రెలోకి జారిపోతే పైనుంచి చూసి "ఏమీ లేదు" అని రాసేస్తాం. వేసవిలో రేగడిలో నడిచేవాళ్లు తలకు కట్టుకునే టార్చి తెచ్చుకుని పెద్ద నెర్రెల్లో చూడాలి. తొలివానకు నెర్రెలు మూసుకుంటే ఇక అంతే.

డాబాలు మరువకండి. రేకుల షెడ్డు మీద కొత్త చిల్లు, పగిలిన పెంకు, నీళ్ల ట్యాంకు మీద సొట్ట: ఇంటింటికీ అడగండి. 2022 ఆగస్టు 17న గుజరాత్ బనాస్‌కాంఠా జిల్లాలో పడిన దియోదర్ ఉల్కలో ఒక ముక్క వేపచెట్టుకు తగిలి పగిలింది, ఊరివాళ్లు విన్నారు కాబట్టే దొరికింది.

వరుస నడక లెక్క ఇది. పది మంది, మనిషికి మనిషికి 3 మీటర్లు, అంటే 30 మీటర్ల పట్టీ. ఒక చదరపు కిలోమీటరుకు 34 సార్లు నడవాలి. గంటకు 2 కి.మీ. వేగం దాటకూడదు, కాబట్టి 17 గంటలు. ఎండకు ఉదయం మూడు, సాయంత్రం మూడు గంటలే కుదురుతాయి, అంటే మూడు రోజులు. గడ్డి ఉంటే ఎడం 2 మీటర్లకు తగ్గించండి. వరుస చివర ఇద్దరూ ఫోనులో జీపీఎస్ ట్రాక్ నడపాలి, పట్టీ అంచున పంగలకర్రలకు రంగుగుడ్డ కట్టి పాతాలి. మాట్లాడుకుంటూ నడిస్తే వరుస వంకరపోతుంది, మధ్యలో వదిలేసిన నేల ఎవరికీ తెలియదు.

మొదలుపెట్టే ముందు ఒక పని తప్పకుండా చేయండి. పది గులకరాళ్లకు మెరుపు లేని నల్లరంగు వేసి ఒకరు చేలో చల్లి రావాలి, మిగతావాళ్లు వరుసలో వెతకాలి. పదింటిలో ఆరే దొరికితే మీ నడక 60 శాతమే. వేగం తగ్గించాలి, లేదా దగ్గర కావాలి.

సుడాన్‌లో 2008 అక్టోబరు 7న పడిన అల్మహతా సిత్తా ఉల్కను ఖార్టూమ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, సిబ్బంది 45 మంది ఇలాగే వరుసగా నడిచి పట్టుకున్నారు. తర్వాతి నడకలతో కలిపి సుమారు 600 ముక్కలు, 10 కిలోలకు పైగా దొరికాయి. ఎడారి కాబట్టి సుళువైంది నిజమే, కానీ పద్ధతి అదే.

#8 సంకురాత్రి
డ్రోన్ వాడితే మూడు రోజుల పని మూడు గంటల్లో అవుతుంది కదా?

#9 గాలివాటం
ఆస్ట్రేలియాలో కర్టిన్ విశ్వవిద్యాలయం వాళ్లు డ్రోన్ ఫొటోలను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి 70 గ్రాముల రాయిని పట్టుకున్నారు. అది నల్లార్‌బర్ మైదానం, చెట్టూ పుట్టా లేని బల్లపరుపు నేల. మన చేలో పేడకుప్ప, మేకపెంట, కాలిన మొద్దు, చెప్పు ముక్క అన్నీ నల్లగానే ఉంటాయి. వేల తప్పుడు గుర్తులు వస్తాయి, ప్రతిదాని దగ్గరికీ నడవాలి. ఉప్పు మడుల మీద, ఎండిన చెరువు అడుగున ప్రయత్నించండి. అక్కడ కూడా ఒక సెంటీమీటరులో కనీసం రెండు మూడు పిక్సెళ్లు వచ్చేంత కిందికి ఎగరాలి, అంటే ఒక్కో బ్యాటరీకి కొద్దిపాటి నేలే కవరవుతుంది. డ్రోన్‌కు ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల పైకి వెళ్లకూడదు, ఎలాగూ మీకు అంత ఎత్తు అక్కర్లేదు.

#10 గట్టురాయి
గుర్తుపట్టడం గురించి. తాజాగా పడ్డ రాయికి మిల్లీమీటరు కన్నా పలచని నల్లటి కాలిన పొర ఉంటుంది, మెరవదు, బొగ్గుపొడి పూసినట్టుంటుంది. మూలలు గుండ్రబడి ఉంటాయి. విరిగిన చోట లోపల బూడిదరంగు, అందులో ఇసుకరేణువుల్లా మెరిసే ఇనుము. చేతికి అదే సైజు గ్రానైటు కన్నా బరువు: గ్రానైటు సాంద్రత 2.7 దగ్గర, ఉల్కారాళ్లలో ఎక్కువగా దొరికే సాధారణ కాండ్రైటు రకానిది 3.2 నుంచి 3.8.

మనల్ని మోసం చేసేవి నాలుగు. ఒకటి ఇనుప చిట్టెం. నిజామాబాద్ వైపు, ముఖ్యంగా ఉక్కుకు పేరుపడ్డ కోనసముద్రం చుట్టూ పాత కొలుముల చిట్టెం ఇంకా చేలల్లో తేలుతూనే ఉంటుంది. నల్లగా, బరువుగా, అయస్కాంతానికి అంటుకుంటూ ఉంటుంది. కానీ విరగ్గొట్టి చూస్తే బుడగల రంధ్రాలు. ఉల్కారాళ్లలో బుడగలు దాదాపు ఉండవు. రెండోది వికారాబాద్, ఆదిలాబాద్ నల్లరాతి బసాల్టు. మూడోది అనంతపురం, నల్లగొండ డోలరైటు. నాలుగోది మాగ్నెటైటు, హెమటైటు ముడిఖనిజం. టైలు వెనక గరుకు వైపు గీకితే హెమటైటు ఎర్రగీత, మాగ్నెటైటు నల్లగీత గీస్తాయి. ఉల్కారాయి దాదాపు ఏ గీతా గీయదు.

#11 సంకురాత్రి
అయితే కర్రకు పెద్ద అయస్కాంతం కట్టుకుని నడిస్తే సరిపోతుంది. వంగే పని తప్పుతుంది.

#12 గట్టురాయి
వద్దండి, ఇది గట్టిగా చెబుతున్నాను. స్పీకర్లలో వచ్చే నియోడైమియం అయస్కాంతం ఒక్కసారి తాకితే చాలు, ఆ రాయిలో 450 కోట్ల ఏళ్ల నాటి అయస్కాంత గుర్తు చెరిగిపోతుంది. సౌరకుటుంబం పుట్టినప్పటి అయస్కాంత క్షేత్రం ఎంత ఉండేదో చెప్పే ఆధారం అది, మళ్లీ రాదు. అనుమానం వచ్చిన రాయి పక్కకు చిన్న దిక్సూచి తీసుకురండి, ముల్లు కదిలితే ఇనుము ఉన్నట్టే. అది చాలు.

ఇంకొకటి. అయస్కాంతం మీదే ఆధారపడితే అరుదైనవే చేజారతాయి. దియోదర్ ఆబ్రైటు జాతిది, అందులో ఇనుము చాలా తక్కువ, పైపొర కూడా నల్లగా ఉండదు. 2017 జూన్ 6న తెల్లవారుజామున జైపూర్ దగ్గర ముకుంద్‌పురా పొలంలో పడింది కర్బన జాతి సీఎం2, పెళుసుగా ఉండి పడగానే ముక్కలైంది. ఈ రెండింటినీ అయస్కాంతం కర్రతో వెతికి ఉంటే దాటిపోయేవాళ్లు.

#13 సంకురాత్రి
అర్థమైంది, దిక్సూచే. దొరికాక కడగొచ్చా?

#14 గట్టురాయి
నీళ్లు అసలు తగలకూడదు. ముట్టుకోక ముందు ఫొటోలు: ఒకటి దూరం నుంచి పొలం కనబడేలా, ఒకటి దగ్గర నుంచి పక్కన స్కేలు పెట్టి, ఒకటి గుంట. జీపీఎస్ అంకెలు ఐదు దశాంశాలతో రాసుకోండి. తర్వాత నైట్రైల్ గ్లవ్స్‌తో, లేకపోతే శుభ్రమైన వంటింటి అల్యూమినియం ఫాయిల్‌నే చేతికి అడ్డం పెట్టుకుని ఎత్తండి. ఫాయిల్‌లో చుట్టి, ఆ పొట్లాన్ని జిప్ కవరులో పెట్టి, కవరు బయట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. ప్లాస్టిక్ నేరుగా రాయికి తగిలితే దాని రసాయనాలు కర్బన రాళ్లకు అంటుతాయి. గుంటలోని మట్టిని కూడా వేరే పొట్లం కట్టండి, రాయిలో ఏది బయటిదో తేల్చడానికి పోలిక కావాలి. గంధం, కుంకుమ, నూనె పెట్టనివ్వకండి. ఊళ్లో పెద్దవాళ్లు పిడుగురాయి అని పూజకు అడిగితే, పరీక్ష అయ్యాకే అని మర్యాదగా చెప్పండి.

వానతో పోటీ ఇది. 2012 ఏప్రిల్ 22న కాలిఫోర్నియాలో పడిన సట్టర్స్ మిల్ రాళ్లను వాతావరణ రాడార్ సాయంతో రెండు రోజుల్లో చేరుకున్నారు, వాన ముందు దొరికిన కొద్ది ముక్కలే శాస్త్రానికి అమూల్యమయ్యాయి. 2021 ఫిబ్రవరి 28 రాత్రి ఇంగ్లండ్‌లో వించ్‌కూంబ్ ఉల్క ఒక ఇంటి ముందు దారిలో పడింది. ఆ కుటుంబం మర్నాడు పొద్దున్నే పొడితో సహా సంచుల్లోకి ఎత్తింది.

తొందరకు ఇంకో కారణం ఉంది. అంతరిక్షంలో కాస్మిక్ కిరణాలు తగిలి రాయిలో పుట్టే సోడియం-24 అర్ధజీవితం, అంటే సగానికి తగ్గే కాలం, 15 గంటలే. వనేడియం-48ది 16 రోజులు, కోబాల్ట్-56ది 77 రోజులు. ప్రయోగశాలకు వారంలో చేరిన రాయికీ, ఏడాదికి చేరిన రాయికీ చెప్పగలిగే విషయాల్లో చాలా తేడా. మనుషులకు దీనితో ప్రమాదం ఏమీ లేదు, ఆ కిరణాలను కొలవడానికి సీసపు పెట్టెలో రోజుల తరబడి ఉంచాలి, అంత తక్కువ.

#15 ఆకుపచ్చరేఖ
ఎవరికి ఇవ్వాలన్నది స్పష్టంగా రాసుకుందాం. మన దేశంలో ఉల్కారాళ్ల భాండాగారం జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది, కోల్‌కతాలో ఉంది. దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలిపి, పంచనామా చేయించి, నకలు తీసుకుని అప్పగించండి. పొలం యజమాని పేరు, దొరికిన వేళ అందులో ఉండాలి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ కొత్తగా పడినవాటి మీద పనిచేస్తుంది.

బియ్యపు గింజల్ని లాగే మహిమగల వస్తువని నమ్మించే రైస్ పుల్లింగ్ మోసగాళ్లు ఇలాంటి వార్త వినగానే దిగుతారు. "కోట్లు వస్తాయి, ముందు పరీక్ష ఫీజు కట్టు" అంటారు. ఆ ఆశతో ఇంట్లో దాచిన రాయి తేమకు తుప్పుపడుతుంది, పగలగొట్టి పంచుకుంటే దాని చరిత్రే పోతుంది. మన నేల మీద పడి, నమోదైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెల్లూరు జిల్లాలో యాటూరు 1852లో, ఉత్తరాంధ్రలో నెడగొల్ల 1870లో. నెడగొల్ల ఇనుప ఉల్క, పడుతుండగా చూసి పట్టుకున్న ఇనుప ఉల్కలు ప్రపంచంలోనే తక్కువ. అంటే ఊరివాళ్లు దాచకుండా చెప్పబట్టే అది ఇవాళ జాబితాలో ఉంది.

#16 చుక్కలదారి
చివరి ప్రశ్న. ఒక ముక్క దొరికిందనుకోండి. మిగతావాటికి అక్కడే చుట్టూ తిరగాలా?

#17 గాలివాటం
చుట్టూ తిరగొద్దు. ఆ ముక్కను తూకం వేయండి, ఒక గ్రాము తేడాతో చాలు. మీరు వేసిన లెక్కలో అదే బరువు రాయి ఎక్కడ పడాలో చూడండి. మ్యాపు మీద అనుకున్న చోటికి, దొరికిన చోటికి ఉన్న తేడానే గాలి లెక్కలో లోపం. ఆ తేడా గాలి దిశలోనే ఉంటే మిగతా బరువుల రాళ్లు పడాల్సిన చోట్లను కూడా అదే వైపు జరపండి, చిన్నవాటిని ఎక్కువ, పెద్దవాటిని తక్కువ. తేడా ఉల్క దారి వెంట ఉంటే వెలుగు ఆరిన ఎత్తు తప్పు లెక్కేశారని అర్థం, వీడియోల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. 100 గ్రాముల ముక్క దొరికితే, పెద్దవాటికి ఉల్క వెళ్లిన దిశలో ముందుకు నడవండి, చిన్నవాటికి వెనక్కి.

#18 రేగడినేల
దీనికి ఒకటి కలపండి. నడిచి ఏమీ దొరకని చేలను కూడా మ్యాపులో వేరే రంగుతో గీయండి, పక్కన మీ గులకరాళ్ల పరీక్ష శాతం, ఆ రోజు నేల పొడిదా తడిదా, పైరు ఎంత ఎత్తుందో రాయండి. కోతలయ్యాక రెండో విడత వెళ్లేవాళ్లకు అదే దారి చూపిస్తుంది. ఆ మ్యాపును ఊరి పంచాయతీ ఆఫీసులో, బడిలో ఒక్కో నకలు పెట్టి, కింద మీ ఫోన్ నంబరు రాయండి. దుక్కి దున్నేటప్పుడు నాగలికి వింత రాయి తగిలితే చెప్పేది ఆ రైతులే.